ఎడమది బాగుచేస్తే కుడిది పోయింది: ఒక జత బడ్స్ మూడుసార్లు షాపుకొచ్చిన కేసు

మిర్యాలగూడలో సెల్‌ఫోన్ రిపేరు షాపు నడిపేవాడికి యాసంగి కోతలొచ్చాయంటే పని తీరే మారిపోతుంది. మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరతాయి. ఊరి గాలిలో సన్నటి పొడి తేలుతూ ఉంటుంది. బల్ల మీదకొచ్చే ఫోన్లలో సగం వాటికి చార్జింగ్ పిన్ను పెట్టే సందులో తవుడే. ఈ కేసు అలాంటి ఒక ఏప్రిల్‌లోది. 1,200 రూపాయల బడ్స్ (చెవిలో పెట్టుకునే వైరు లేని ఇయర్‌ఫోన్లు), మూడు విడతల్లో నేను తీసుకున్నది మొత్తం 90 రూపాయలు. ఇంత చిన్న పని గురించి రాయడం ఎందుకంటే, మూడు ఫిర్యాదుల్లో ఒకటి స్వయంగా నేను తెచ్చిపెట్టింది. ఇంకోదాంట్లో ఏ తప్పూ లేని బడ్‌ని విప్పబోయి ఆగాను.

మనిషి ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో కాంటా గుమస్తా. పాతికేళ్ల పిల్లోడు. లారీ నంబరు, తూకం, తేమ శాతం రాసుకుంటూ మధ్యలో ఓనరుతో, డ్రైవర్లతో ఫోన్లు మాట్లాడతాడు. రెండు చేతులూ ఖాళీ ఉండవు కాబట్టి పొద్దున చెవిలో పెట్టిన బడ్స్ సాయంత్రం దాకా తీయడు. షాపులో రద్దీగా ఉన్న సమయంలో వచ్చి బడ్స్ చార్జింగ్ డబ్బా బల్ల మీద పెట్టాడు.

"అన్నా, ఎడమది సచ్చింది. అదొక్కటే కొత్తది దొరుకుతదా?"

ఒక్కటే దొరకదు. ఇంకో సెట్టులోది తెచ్చి పెడితే చాలావాటిలో అది ఈ కుడిదానితో జత కుదరదు. అది చెప్పి, అసలు చచ్చిందంటే ఏమిటని అడిగాను. మా షాపులో ఈ మాటకి నాలుగు అర్థాలున్నాయి. ఫోనుకు కనెక్ట్ కాకపోవడం, చార్జ్ ఎక్కకపోవడం, కనెక్ట్ అయ్యీ సౌండ్ రాకపోవడం, సౌండ్ తక్కువ రావడం. నాలుగింటికీ చికిత్స వేరు. చాలామంది ఇంట్లోనే రిసెట్ చేసుకుని వస్తారు. బ్లూటూత్ లిస్టులో ఎడమ, కుడి రెండు వేరు పేర్లతో కనిపిస్తున్నప్పుడు, అంటే రెండూ ఒకదాన్నొకటి మర్చిపోయినప్పుడు రిసెట్ పనికొస్తుంది. ఇతనూ మూడుసార్లు చేశాడట, ఏమీ మారలేదు.

అతని ఫోన్లో బ్లూటూత్ ఆపించి, షాపు ఫోనుకు కలిపాను. రెండూ కనెక్ట్ అయ్యాయి, రెండింటిలోనూ బ్యాటరీ ఉంది. బడ్స్ మూతికి తొడిగే రబ్బర్లలో పరీక్షకని విడిగా పెట్టుకునేవి తొడిగి విన్నాను (ఇంకొకరి చెవిలో రోజంతా ఉన్నదాన్ని తుడవకుండా చెవిలో పెట్టుకునే రిపేరువాడు ఎక్కువ కాలం ఈ పనిలో ఉండడు). ఎడమదాంట్లో సౌండ్ ఉంది. కుండలో మూతి పెట్టి మాట్లాడినట్టు, దూరంగా, మొద్దుగా ఉంది. నాకు ముందు కావలసింది ఆ తేడానే. లోపలి స్పీకరు దెబ్బతింటే సాధారణంగా గరగరమంటుంది, జీర వస్తుంది. దారి మూసుకుపోతే జీర ఉండదు, మాటలోని స, ష లాంటి పదునైన శబ్దాలు ముందు పోతాయి. ఇంకో ఫోన్లో సౌండ్ కొలిచే యాప్ పెట్టి, ఒకే పాట ఒకే చోట, రెండు బడ్స్‌నీ మైకుకి ఒకే దూరంలో పట్టుకుని చూస్తే తేడా 14 డెసిబెల్ దాకా ఉంది. ఫోన్ యాప్ చూపే అంకెను నమ్మను, రెండింటి మధ్య తేడాను నమ్ముతాను.

తర్వాత మైక్రోస్కోప్ కింద పెట్టాను. రబ్బరు తీస్తే సౌండ్ బయటికొచ్చే గొట్టం మూతికి సన్నటి జాలీ ఉంటుంది. కుడిదాని జాలీ కళ్లు కనిపిస్తున్నాయి. ఎడమదానికి జాలీయే కనిపించలేదు. దాని మీద ముదురు పసుపు రంగు పొర, ఆ పొరలో గోధుమ రంగు రేకులు, అచ్చం బెల్లం పాకంలో నువ్వులు ఒత్తిన పట్టీలాగా. పాకం చెవి గుబిలి, నువ్వులు తవుడు. మామూలు మట్టి దుమ్మయితే ఎండి రాలిపోతుంది. తవుడులో 15 నుంచి 20 శాతం దాకా నూనె ఉంటుంది, అందుకే దాన్నుంచి నూనె తీసి అమ్ముతారు. ఆ నూనె, గుబిలి, ఏప్రిల్ చెమట కలిస్తే లప్పంలా పట్టేస్తుంది. ఎడమదానికే ఎందుకంటే కాంటా గదిలో అతను కూర్చునే చోట కిటికీ ఎడమ చేతి వైపు, ఆ కిటికీ తెరిస్తే మిల్లు.

"మధ్యల నువ్వేమన్నా చేసినవా?" అని అడిగాను. ఏం చేయలేదన్నాడు. ఈ ప్రశ్నకి మొదటి జవాబు ఎప్పుడూ అదే. కాసేపాగి, "మిల్లుల కంప్రెషర్ ఉంటది గదన్నా, దాంతోటి ఒక్కసారి గాలి కొట్టిన" అన్నాడు. మోటార్ల మీద దుమ్ము దులిపే గాలి అది. జాలీ చినగకపోవడం అతని అదృష్టం. బయటికి రావలసిన పొడిని లోపలికి దట్టించడానికి అంతకంటే మంచి పద్ధతి లేదు. నోటితో ఊదినా తప్పే, అందులో తేమ ఉంటుంది.

"వాటర్‌ప్రూఫ్ అని రాసుందిగదా" అన్నాడు. డబ్బా మీద ఉన్నది ఐపీఎక్స్4. చివరి 4 అంటే ఏ వైపునుంచి నీళ్లు చిలికినా తట్టుకుంటుందని, అంతే. నీళ్లలో ముంచడానికి కాదు. 4కి ముందున్న ఎక్స్‌ని ఎవరూ చూడరు. అది దుమ్ముకి సంబంధించిన అంకె ఉండాల్సిన చోటు. అక్కడ ఎక్స్ ఉందంటే దుమ్ము విషయంలో ఏ రేటింగూ ఇవ్వలేదని. జిమ్ముకెళ్లే వాళ్లకి ఐపీఎక్స్4 చాలు. మిల్లులో పనిచేసేవాడు ఐపీ55 లాంటిది, అంటే మొదటి అంకె కూడా ఉన్నది చూసుకోవాలి. కొనేటప్పుడు ఈ మాట అతనికి ఎవరు చెబుతారు?

క్లీనింగ్‌లో పెద్ద విద్యేమీ లేదు, ఓపికే. జాలీ నేలవైపు ఉండేలా బడ్‌ని తలకిందులుగా పట్టుకుని, మెత్తటి పొడి బ్రష్‌తో కింద నుంచి గీరాలి, రాలింది కిందికే పడాలి. పైకి పట్టుకుని తోమితే అంతా లోపలికే. పిన్నీసు వాడకూడదు, జాలీ చిల్లుపడితే ఆ తర్వాత పొడి నేరుగా స్పీకరు పొర మీదకే పోతుంది. పై పొర రాలాక, పోస్టర్లు అంటించే జిగురు ముద్ద ఉంటుంది చూశారా, దాన్ని అద్ది అద్ది లేపాను. పదిహేను ఇరవై అద్దులకి ముద్ద మీద పసుపు చుక్కలు పడటం ఆగింది. చివర్లో ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ద్రవం అద్ది పిండేసిన దూది పుల్లతో తుడిచాను. పనిలో పనిగా కుడిదాన్ని కూడా తుడిచాను. కాసేపు ఆరనిచ్చి షాపు ఫోనుతో మళ్లీ కొలిస్తే తేడా ఒకటి రెండు డెసిబెల్. ఎడమ రబ్బరు అంచు చిరిగి ఉంటే నా దగ్గరున్న కొంచెం పెద్ద సైజు జత రెండింటికీ తొడిగి ఇచ్చాను. చెవికి బిగువుగా పడతాయి, మిల్లు మోత తక్కువ వినపడుతుంది కదా అనుకున్నాను. 50 రూపాయలు తీసుకున్నాను. కేసు అయిపోయిందనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం, భోజనం డబ్బా విప్పుతుంటే బండి ఆగింది.

"ఏందన్నా, ఎడమది బాగు చెయ్యమంటే కుడిదాన్ని పాడుజేసినవ్?"

అతని ఫోన్లోనే పాట పెట్టి విన్నాను. నిజమే. ఎడమది గణగణమంటోంది, కుడిది ఎక్కడో పక్కింట్లో మోగుతున్నట్టుంది. కడుపులో రాయి పడ్డట్టయింది. అవసరం లేకపోయినా కుడిదాన్ని నేనే తుడిచాను. దూది పుల్ల సరిగ్గా పిండానా? ద్రవం జాలీ దాటి స్పీకరు మీద పడిందా? అతనితో మాత్రం, "ఒక్క రాత్రి ఉండనియ్యి తమ్మీ, రేపు చూస్త" అన్నాను.

కొత్త ఫోన్ల పెట్టెల్లో వచ్చే, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు దాచిపెట్టుకుంటాను. బడ్స్‌ని వాటితో పాటు ఒక మూత డబ్బాలో వేసి ఉంచాను. హాట్ ఎయిర్ గన్ జోలికి పోలేదు. లోపల లిథియం సెల్ ఉంది, వేడి తగలకూడదు. ఇక బియ్యంలో పెట్టే చిట్కా అంటారా, తడిసిన ఫోన్‌ని బియ్యం సంచిలో పెట్టొద్దని ఐఫోన్ చేసే ఆపిల్ కంపెనీయే చెబుతోంది, బియ్యపు రేణువులు లోపలికి పోతాయని. మిల్లు పొడితోనే మొదలైన కేసులో మళ్లీ బియ్యం ఎక్కడ తేను?

పొద్దున షాపు ఫోనుకి కలిపి విన్నాను. రెండూ సమానం. యాప్‌తో కొలిస్తే కూడా సమానం. ఆరిపోయింది, గండం గడిచిందని టీ చెప్పాను. టీ వచ్చేలోపు ఇంకో సంగతి తట్టింది. నిన్న కుడిది తక్కువగా వినిపించింది అతని ఫోన్లో. ఇవాళ సమానంగా వినిపిస్తున్నది నా ఫోన్లో. నిన్న మధ్యాహ్నం కంగారులో నా ఫోనుతో పరీక్షే చేయలేదు. అంటే రాత్రికి రాత్రి రెండు మారాయి, బడ్ ఆరడం ఒకటి, ఫోను మారడం ఒకటి. ఏది బాగుచేసిందో ఎలా చెప్పగలను?

అతను వచ్చాక అతని ఫోనుకి కలిపాం. కుడిది మళ్లీ తక్కువే. అప్పటికీ ఒక్క క్షణం బడ్ మీదే అనుమానం, మళ్లీ తుడిచి, అవసరమైతే అతుకు విప్పి చూద్దామా అని. విప్పలేదు. సొరుగులోంచి పాత వైరు ఇయర్‌ఫోన్ తీసి అతని ఫోనుకి గుచ్చాను. బ్లూటూత్‌తో సంబంధం లేనిది, వేరే కంపెనీది. దాంట్లోనూ కుడి చెవి తక్కువే! ఇక బడ్స్ నిర్దోషి.

సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళితే, వినికిడికి సంబంధించిన చోట ఆడియో బ్యాలెన్స్ అని ఒక గీత ఉంటుంది, మధ్యలో చుక్క. ఒక చెవి సరిగా వినపడని వాళ్ల కోసం పెట్టింది. ఐఫోన్లో కూడా యాక్సెసిబిలిటీలోనే ఉంటుంది. ఇతని ఫోన్లో ఆ చుక్క సగం దాటి ఎడమకి జరిగి ఉంది.

"ఇదెవరు జరిపిన్రు?"

కాసేపు తల గోక్కున్నాడు. "ఎడమది తక్కువొస్తుందంటే మా బావమరిది యూట్యూబ్‌ల జూసి ఏందో జేసిండన్నా. అప్పుడు రెండూ సమానంగ వచ్చినయి."

నిజంగానే సమానంగా వచ్చి ఉంటాయి. ఆ గీత ఎడమదాన్ని పెంచదు, కుడిదాన్ని తగ్గిస్తుంది. ఎడమది పూడిపోతున్నకొద్దీ కుడిదాన్ని దానికి సరిపడా కిందికి దించాడు బావమరిది. రెండూ తక్కువయ్యాయి కాబట్టి ఇతను వాల్యూమ్ పూర్తిగా పెంచి వాడుకుంటున్నాడు. పూడిక ఇంకా పెరిగాక మళ్లీ ఎడమ తగ్గింది, అప్పుడు నా దగ్గరికొచ్చాడు. నేను పూడిక తీశాను, కానీ బావమరిది దించింది అలాగే ఉంది. చుక్కని మధ్యకి తెచ్చాక అతను పాట విని నవ్వాడు. నేను పైసా తీసుకోలేదు. ఒక రాత్రి నిద్ర పోయింది నాది.

మొదటిరోజే అతని ఫోనుతో కూడా వినిపించి పంపి ఉంటే ఇదంతా రెండు నిమిషాల పని. ముందూ తర్వాతా ఒకే ఫోను, ఒకే పాట, కస్టమర్ ఎదురుగా. ఇప్పుడు ఆ పద్ధతి తప్పను.

పది రోజులకు మూడోసారి వచ్చాడు. ఈసారి కోపం లేదు, టెన్షన్ ఉంది. "అన్నా, బడ్స్ డబ్బాల ఉంటయి. ఫోనొస్తది, ఎత్తుతా, అవతలోళ్ల మాట ఇనపడదు. ఓనరు మూడుసార్లు జేసి తిట్టిండు. రాత్రిపూట దానంతటదే కనెక్టయితది, దానంతటదే పోతది." ఇంకోటి కూడా చెప్పాడు, డబ్బాకి చార్జింగ్ ఒక్కోసారి ఎక్కుతుంది, ఒక్కోసారి ఎక్కదు.

మూత పెట్టిన డబ్బాలో ఉండగా బడ్ ఫోనుకి కనెక్ట్ అయి ఉందంటే, తాను డబ్బాలో ఉన్నట్టు దానికి తెలియలేదని అర్థం. అడుగున ఉన్న చిన్న స్ప్రింగు పిన్నులు తగిలితేనే దానికి తెలుస్తుంది, అప్పుడే ఆగి చార్జ్ ఎక్కుతుంది. తగలకపోతే ఇంకా చెవిలోనే ఉన్నాననుకుని పనిచేస్తూ ఉంటుంది. కాల్ ఎత్తితే మాటంతా డబ్బాలో ఉన్న బడ్‌లోకి పోతుంది. బండి కుదుపుకి ఒకసారి తగిలి ఒకసారి విడిపోతే రాత్రీ పగలూ కనెక్ట్, డిస్కనెక్ట్.

పిన్నుల మీద తవుడు ఉంటుందని భూతద్దం పెట్టాను. కొంచెం ఉంది, తుడిచాను. మార్పు లేదు. కుడిదాన్ని గుంటలో పెట్టి వేలితో అదిమితే లైటు వెలిగింది, వేలు తీస్తే ఆరింది. అప్పుడు కనిపించింది. రబ్బరు అంచు గుంట గోడకి ఒరుసుకుని లోపలికి మడత పడుతోంది, బడ్ వెంట్రుకవాసి పైకి లేచి ఉంది. అయస్కాంతం లాగుతున్నా ఆ రబ్బరు స్ప్రింగులాగా పైకి తోస్తోంది. రబ్బరు పీకేసి బడ్‌ని వదిలితే టక్కున కూర్చుంది, లైటు వెలిగింది.

ఆ రబ్బరు ఎవరిది? నాది. పది రోజుల కింద గొప్పగా తొడిగి పంపిన పెద్ద సైజు. చెవికి సరిపోయిందా అని చూశాను కానీ డబ్బాకి సరిపోయిందా అని చూడలేదు. అసలు సైజు జత వేసి 40 రూపాయలన్నాను. అన్నాక సిగ్గనిపించింది గానీ అతను అప్పటికే ఫోన్‌పే కొట్టేశాడు.

డబ్బా చార్జింగ్ సంగతి వేరే. యూఎస్‌బీ మీటరు మధ్యలో పెట్టి నా పాత కేబులుతో చూస్తే కరెంటు తీసుకుంటోంది. అతను జేబులోంచి తీసిన కేబులుతో, అంటే కొత్త ఫోనుతో వచ్చిన రెండువైపులా టైప్ సీ ఉన్నదాంతో, సున్నా. కేబులు మంచిదే, అతని ఫోను దాంతో చక్కగా ఎక్కుతోంది. లోపం డబ్బాలో ఉంది. రెండువైపులా సీ ఉన్న కేబులయితే, అవతల ఒక వస్తువు ఉందని తెలిస్తేనే చార్జరు కరెంటు వదులుతుంది. అలా తెలియజేయడానికి డబ్బాలోని సాకెట్ దగ్గర 5.1 కిలో ఓమ్‌ల చిన్న రెసిస్టర్లు రెండు ఉండాలి. చవక డబ్బాల్లో కొన్నిటికి అవి పెట్టరు. ఒకవైపు పాత వెడల్పు పిన్ను ఉన్న కేబులయితే ఈ లెక్క అవసరం లేదు, నేరుగా ఎక్కుతుంది. మిల్లు కంప్యూటరుకి పెట్టినప్పుడు ఎక్కడం, ఇంట్లో కొత్త చార్జరుకి ఎక్కకపోవడం ఇందుకే. చేతనైతే రెసిస్టర్లు అతికించవచ్చు గానీ ఆ డబ్బాకి అంత పని దండగ. పాత కేబులే వాడమన్నాను. ఇంకో మాట కూడా చెప్పాను, డబ్బాని బండి ట్యాంకు కవరులో పెట్టి ఎండలో వదిలేయొద్దని. ఒక్కో బడ్‌లో ఉండే సెల్ 30 నుంచి 60 మిల్లీ ఆంపియర్ అవర్ మధ్య ఉంటుంది, గోరంత. 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ ఎక్కించడం లిథియం సెల్‌కి మంచిది కాదు, మన ఎండలకి ట్యాంకు మీద అంతకు మించే ఉంటుంది. ఆ సెల్ పోయిందా, బడ్‌ని విప్పి మార్చే ఖర్చుకి ఇంకో సెట్టు వస్తుంది.

నేను తీర్చలేనిది ఒకటి మిగిలింది. మిల్లులో ఉండి మాట్లాడితే అవతలివాళ్లకి సరిగా వినపడదు. మైకు రంధ్రాల్లో పొడి తీశాను, కొంత నయం. నాయిస్ క్యాన్సిలేషన్ ఉందిగా అంటాడు. ఉంది, కానీ చెవి దగ్గరున్న మైకుకి అతని నోటికంటే మిల్లు మోతే గట్టిగా తగులుతుంటే అది ఏది తీసేసి ఏది ఉంచాలి? పైగా పాట వినేటప్పుడు ఉన్న నాణ్యత కాల్‌లో ఉండదు. మైకు పనిచేయడం మొదలుకాగానే బ్లూటూత్ వేరే పద్ధతికి మారుతుంది, మాటని సాధారణంగా తక్కువ వివరాలతోనే (సెకనుకి 8 వేలో 16 వేలో నమూనాలు) పంపుతుంది. అందుకే "పాట బాగుంది, ఫోన్ మాటే డొల్లగ ఉంది" అని వచ్చేవాళ్లని ఏ రిపేరూ చేయకుండా వెనక్కి పంపుతాను. ఇతనికి కాంటా గది కిటికీ మూసి మాట్లాడమన్నాను. "కిటికీ మూస్తే లారీ ఎట్ల కనపడ్తదన్నా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

కోతలయ్యాక, మిల్లు కాస్త నెమ్మదించిన రోజుల్లో స్క్రీన్ గార్డు వేయించుకోవడానికి వచ్చాడు. డబ్బాని చిన్న జేబురుమాలులో చుట్టి ఉంచాడు. అడగకుండానే విప్పి ఇచ్చాడు. ఈసారి కుడిదాని జాలీ మీద పసుపు పొర మొదలైంది. కిటికీ అటే ఉందిగా, కుడిదానికెందుకు పట్టిందని అడిగితే, కుర్చీ తిప్పి వేసుకున్నానన్నాడు.